రెండో సాక్షి

ఫాల్గుణ బహుళ విదియ

పొద్దున్నే నిచ్చెన మెట్లకు పట్టిన ఉప్పు గీకాను. రెండు రోజులు వదిలేస్తే కాలు జారుతుంది. తర్వాత దుర్భిణి అద్దాలు మంచినీళ్లతో తుడిచాను. నీళ్లు తాగడానికే అంతంతమాత్రం. అయినా అద్దాల వాటా అద్దాలకు ఇవ్వాల్సిందే.

ఒకప్పుడు ఇక్కడ నౌపడ ఉప్పుమళ్లు ఉండేవి. ఇప్పుడు సముద్రం రోజూ మీదికి వచ్చి వెనక్కి పోతుంది. పోయినప్పుడు మిగిలే బురదలో పిట్టలు మేస్తాయి. ఆ బురద మధ్యలో స్తంభాల మీద నా మంచె. మా ముత్తాతలు చేలల్లో మంచె వేసుకుని పిట్టలను తోలేవారట. నేను పిట్ట రాకపోతుందా అని మంచె మీద కూర్చుంటాను. అందుకే నాకు జీతం.

ఎండుచేప కాల్చుకుంటుంటే రేడియోలో మా బావ గొంతు వినిపించింది.

"ఒరే కూర్మా! బేగి రా! నా మంచె కింద పొన్నంకి దిగినాది!"

మా బావ తవిటినాయుడు కాలవకు అవతలి మంచె కాపరి. మా అక్క వరహాలు మొగుడు. పొన్నంకి పిట్ట ఈ తీరాన కనబడి ఆరేళ్లయింది. కాల్చిన చేప అలాగే వదిలేసి పడవ విప్పాను.

వెళ్లక తప్పదు. అరుదైన పిట్టను ఒక కాపరి చూస్తే చాలదు, పక్క మంచె కాపరి కూడా తన కళ్లతో చూసి మాట ఇవ్వాలి. బొమ్మ తీసి పంపితే ఎవరూ నమ్మరు. ఏ పిట్ట బొమ్మ కావాలన్నా యంత్రం చిటికెలో చేసి ఇస్తుంది కదా. అందుకని మనుషుల కళ్లకు మళ్లీ విలువ వచ్చింది. ఇద్దరు కళ్లారా చూశామంటేనే, ఆ పిట్ట దాటిపోయేదాకా సముద్రం మీది పటాలు దించి ఉంచుతారు.

పటాలంటే గాలి నుంచి కరెంటు తీసే గాలిపటాలు. ఒక్కొక్కటి చెరకు మడంత ఉంటుంది. తూర్పున బారులు తీరి ఎగురుతూ ఉంటాయి. టెక్కలి రేవులో దీపాలు వెలిగేదీ, ఉప్పునీళ్లు తాగే నీళ్లయ్యేదీ వాటి వల్లే. వాటి తాళ్లు మాత్రం పిట్టలకు కనబడవు. వసంతంలో ఉత్తరానికి పోయే పిట్టలు వాటికి తగిలి రాలిపోతాయి.

బావ మంచె కింద మడచెట్ల నీడలో పొన్నంకి ఉంది. ఆకులు తిరగేస్తూ తిరుగుతోంది. బావ నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "సూసినావా? సూసినావా?" అంటున్నాడు.

చూశానన్నాను. రేడియోలో పటాల కేంద్రం అధికారి యామిని అడిగితే, రెండో సాక్షిని నేనేనని చెప్పాను. సాయంత్రానికి పటాలు దిగాయి. నీళ్ల యంత్రాలు ఆగిపోయాయి. అవి ఆగేలోగా ఊరంతా బావ పేరు చెప్పుకుంటూ తొట్టెల్లో నీళ్లు పట్టుకుంది.

ఈ వసంతంలో బావకు ఇది మూడోది. మొదట చారలతల పెద్దబాతు, తర్వాత అమూర్ డేగ, ఇప్పుడు పొన్నంకి. మూడింటికీ రెండో సాక్షిని నేనే. పద్నాలుగేళ్లుగా ఇక్కడున్నది నేను. సముద్రపు నాచు ఎండబెట్టే పని పోయి ఇంట్లో కూర్చున్న బావను రెండేళ్ల కింద ఈ పనిలో పెట్టించింది నేను. ఏ పిట్ట ఏదో వేలు పెట్టి చూపించి నేర్పింది కూడా నేనే. నాకు మాత్రం ఈ ఏడు ఒక్కటీ దిగలేదు.

ఇంటికి వచ్చి చూస్తే చేపను కాకి ఎత్తుకుపోయింది.

బహుళ పంచమి

టెక్కలి రేవులో కంటికబురు జరిగింది. అరుదైన పిట్టను మొదట చూసినవాడు ఊరి ముందు నిలబడి అది ఎలా ఉందో చెప్పాలి. పిల్లలు, ముసలివాళ్లు, పడవలవాళ్లు, అందరూ వస్తారు. రెండో సాక్షికి కుర్చీ ఉంటుంది కానీ మాట్లాడే పని ఉండదు.

బావ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు. అక్క లేచి వెళ్లి అందరి ముందే సరిచేస్తే జనం నవ్వారు. ఆ నవ్వుతోనే బావ వాళ్లను తనవైపు తిప్పుకున్నాడు.

"వొళ్లంతా పచ్చగా, ఆకుల్లో ఆకులాగ కలిసిపోనాది. కదిలితే గానీ తెలీదు. రెక్క దగ్గిర నీలం మచ్చ. ఇక తోక కింద ఎరుపు సూసినారా, పెళ్లికూతురి కాళ్లకి పారాణెట్టినట్టు! ఆకు తిరగేసి, పురుగు దొరకనేదని నాకేసి ఇలా సూసింది. నీ ఇంట్లో ఏటీ నేదేటయ్యా అన్నట్టు!"

హాలు గొల్లుమంది. వెనక వరసలో ఒక ముసలామె కళ్లు తుడుచుకుంది.

పొన్నంకి అలా చూసిందా? నేను అక్కడే ఉన్నాను. నాకు గుర్తు లేదు. తోక కింద ఎరుపు ఉంటుందని నాకు తెలుసు, బావకు చెప్పింది నేనే. కానీ ఆ రోజు ఆ ఎరుపును చూసినట్టు లేదు. అంటే బావ కల్పించి చెబుతున్నాడా? ఆ అనుమానం రాగానే ఎందుకో నా కడుపులో చల్లగా అయింది. ఆ చల్లదనం నాకు నచ్చింది. దాన్ని వెంటేసుకునే మంచెకు తిరిగి వచ్చాను.

బహుళ అష్టమి

ఉప్పు అయిపోయిందన్న సాకు చెప్పి బావ మంచెకు వెళ్లాను. ఉప్పుమళ్ల మీద బతుకుతూ ఉప్పు అడగడమేమిటని ఎవరైనా నవ్వుతారు. బావ నవ్వలేదు. అసలు మేలుకునే లేడు. గోడకు చేరగిలి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

కిందికి దిగి మడచెట్ల మధ్య వెతికాను. పిట్టలకు ఎర వేస్తున్నాడేమో, పురుగులు తెచ్చి పోస్తున్నాడేమో, కూత వినిపించే పెట్టె దాచాడేమో అని ఆకులన్నీ తిరగేశాను. ఎక్కడా ఏమీ లేదు. బురద, ఎండ్రకాయల బొరియలు, బావ పారేసిన చింతపండు పిక్కలు.

మోసం దొరికి ఉంటే బాగుండేదనిపించింది. లేదా బావకు తెలివి అయినా ఉండాల్సింది. అది నేర్చుకోవచ్చు. ఇతనికి ఉన్నది అదృష్టం ఒక్కటే. నిద్రపోయే మనిషి ముంగిట్లోకి పిట్టలు నడిచి వస్తున్నాయి.

పైకి వచ్చేసరికి బావ లేచాడు.

"ఎప్పుడొచ్చినావురా? లేపనేదేటి?"

"ఉప్పు కావాల."

"ఉప్పేటి, నెయ్యి కూడా ఉన్నాది. అక్క అంపింది. ఉండు, అన్నం తినేసెల్లు."

నా పళ్లెంలో ముద్దపప్పు, నెయ్యి వేసి ఎదురుగా కూర్చున్నాడు. నేను తింటుంటే తృప్తిగా చూశాడు. నెయ్యి చాలా బాగుంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

బహుళ ఏకాదశి

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆటు సగంలో ఉండగా రేడియో మోగింది. బావ ఎప్పట్లా అరవలేదు. గుసగుసగా మాట్లాడాడు, పిట్టలకు వినబడుతుందని భయపడ్డట్టు.

"కూర్మా, నాను సెప్పేది తప్పో ఒప్పో తెలీదురా. సెంచామూతి ఉల్లంకి అనుకుంతన్నాను. రెండున్నాయి. జంట."

చెంచామూతి ఉల్లంకిని ఈ తీరాన చూసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. భూమ్మీదే లేదేమోనని అందరూ అనుకుంటున్నారు. పిచ్చుకంత పిట్ట. ముక్కు చివర మాత్రం చిన్న చెంచాలాగ వెడల్పుగా ఉంటుంది. పద్నాలుగేళ్లుగా నేను పొద్దున్నే నిచ్చెన ఎక్కింది దాని కోసమే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బావకు మాత్రం ఒకసారి చెప్పాను, పని నేర్పేటప్పుడు.

పడవను గట్టిగా గెంటుకుంటూ వెళ్లాను. ఆ దారంతా అది అబద్ధం కావాలనే కోరుకున్నాను.

బావ దుర్భిణి నాకిచ్చాడు. చిన్న ఉల్లంకుల గుంపు బురదంచున పరుగులు తీస్తోంది. వాటి మధ్య రెండింటి తలలు ఎర్రగా ఉన్నాయి. ఒకటి తల ఎత్తింది. ముక్కు చివర చెంచా. ఇంకే సందేహమూ లేదు. చీపురుతో ఊడ్చినట్టు ముక్కును అటూ ఇటూ ఆడిస్తూ బురదను జల్లెడ పడుతోంది. రెండోదాని ఎడమ రెక్కలో ఒక ఈక తెల్లగా ఉంది. అది మొదటిదాని వెనకే నడుస్తోంది.

దుర్భిణి దించి బావ వైపు చూశాను. బావ ముఖం పసిపిల్లాడి ముఖంలా ఉంది. కళ్లనిండా నీళ్లు. తుడుచుకోవడం లేదు, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆ ముఖం నాది కావాల్సింది.

"నాకేటీ కనపడనేదు బావా," అన్నాను.

"ఏటి? అదిగోరా, ఆ ఇరిగిపోయిన స్తంభం పక్కన!"

"మామూలు ఉల్లంకులే."

"మూతి సూడు!"

"మూతికి బురదంటుకుంది. అంతే."

బావ నన్ను అనుమానించలేదు. తన కళ్లనే అనుమానించాడు. దుర్భిణి లాక్కుని మళ్లీ చూశాడు. పోటు మొదలై నీళ్లు బురద మీదికి వచ్చేశాయి. గుంపంతా ఒక్కసారిగా లేచి ఎండలో తళుక్కుమని తిరిగి దక్షిణపు తిప్పల వైపు పోయింది.

రేడియోలో యామిని అడిగింది: "కూర్మారావు గారూ, రెండో సాక్షిగా మీ మాట?"

"నిర్ధారించలేను."

"స్పష్టంగా చెప్పండి. చెంచామూతి అయితే తీరం పొడుగునా పటాలు దించాలి. నాలుగు రేవులకు నీళ్లుండవు. చూశారా, చూడలేదా?"

"చూడలేదు," అన్నాను.

బావ నా వీపు మీద చెయ్యి వేశాడు. "పోనీలేరా. నాదే తప్పయ్యుంతాది. ఎండలో కళ్లు సెదిరినాయి," అన్నాడు.

బహుళ త్రయోదశి

పొద్దుట గాలి తిరిగింది. ఇన్నాళ్లూ ఉత్తరం నుంచి వీచినది ఇప్పుడు దక్షిణం నుంచి వీస్తోంది. పిట్టలు ఈ గాలి కోసమే కాచుకుంటాయి. మధ్యాహ్నానికల్లా ఉల్లంకుల గుంపులు సముద్రం మీదికి ఎత్తుగా లేచి ఉత్తరానికి మళ్లడం చూశాను. పటాలు ఎగురుతూనే ఉన్నాయి. తాళ్ల మోత ఇక్కడికి వినబడుతోంది.

అక్క వచ్చింది. బిందెడు మంచినీళ్లు, కాస్త ములగాకు పొడి తెచ్చింది. నిచ్చెన ఎక్కేసరికి ఆయాసపడుతోంది.

"మీ బావ అన్నం తినట్నేదురా. రేవులో నవ్వుతున్నారంట. సెంచామూతంట, గరిటమూతంట అని. పొన్నంకీ అబద్ధమేనేమో అనడిగినాడంట ఆ మంచుమిల్లు అతను."

"పొన్నంకి నాను సూసినాను కదా."

"అదే నానూ అన్నాను. మా తమ్ముడు సూసినాడు, ఆడు అబద్ధమాడడు అన్నాను."

నేను ములగాకు పొడి డబ్బా మూత తీసి వాసన చూశాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా చేతులతో.

"నిజంగా ఏటీ నేదేటిరా అక్కడ?" అంది అక్క.

"ఎండ కళ్లలో కొట్టింది అక్కా."

అక్క నా ముఖంలోకి చూసింది. వెళ్లేటప్పుడు, "బావకి ఓ మాట సెప్పు. నువ్వు సెప్తే వింతాడు," అంది.

బావ అన్నం తినడం లేదని విన్నప్పుడు నాకు బాధ కలిగింది. రేవులో నవ్వుతున్నారని విన్నప్పుడు కలిగింది బాధ కాదు. ఆ నవ్వేవాళ్ల మధ్య నేనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు అనిపించింది. అక్క వెళ్లాక చాలాసేపు పటాల వైపు చూస్తూ ఉన్నాను. రేడియో చేతిలోనే ఉంది. ఇప్పుడైనా చెప్పవచ్చు. పటాలు దించడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టదు.

చెప్పలేదు. రేపు చెబుతానని కూడా అనుకోలేదు.

బహుళ చతుర్దశి

యామిని మమ్మల్నిద్దరినీ రేవుకు రమ్మంది. ఆమెను రేడియోలో వినడమే గానీ చూడటం తక్కువ. నా కంటే చిన్నది. కళ్ల కింద నల్లగా ఉంది.

పటాల కింద రాలిన పిట్టలను ఏరే పడవ తిరిగి వచ్చింది. బల్ల మీద తడిగుడ్డ పరిచి వాటిని వరసగా పెట్టారు. అన్నీ చిన్న ఉల్లంకులు. రెక్కలు దగ్గరికి ముడుచుకుని పడుకున్నట్టే ఉన్నాయి. చివరన ఒకదాని తల ఎర్రగా ఉంది. ముక్కు చివర చెంచా.

బావ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి అరచేతిలో పెట్టుకున్నాడు. 'నేను చెప్పలేదా' అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అప్పుడు నేను ఏదో ఒకటి తిరిగి అనవచ్చు.

"ఎంత తేలిగ్గా ఉన్నాదో సూడరా," అన్నాడు. దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

నిజంగానే ఏమీ పెట్టనట్టే ఉంది. ముక్కు చివర ఎండిన బురద. ఎడమ రెక్క విప్పి చూశాను. తెల్ల ఈక లేదు. ఇది ముందు నడిచినది.

యామిని బావ ముందు చేతులు జోడించింది. "మీ మాట నమ్మి ఉండాల్సింది. నియమం ఒప్పుకోలేదు. రెండోది బతికే ఉందని ఇద్దరు చూసి చెబితే తప్ప ఇప్పుడూ పటాలు దించలేను." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు మనసులో పెట్టుకోకండి కూర్మారావు గారూ. అంత దూరం నుంచి ఎవరైనా పొరబడతారు."

బయట జనం చేరారు. చేపలకు మంచుగడ్డలు అమ్మే మంచుమిల్లు అతను వచ్చి బావ చేతులు పట్టుకున్నాడు. నిన్న నవ్వినవాళ్లే ఇవాళ బావ చుట్టూ మూగి, ఎలా ఉంది, ఎలా నడిచింది అని అడుగుతున్నారు. బావ ఏమీ చెప్పకుండా తల వంచుకుని నడుస్తున్నాడు.

వాళ్ల వెనక నేను. నా చేతికి ఆ పిట్ట తడి ఇంకా ఉంది. అయినా అందరూ బావనే అడుగుతున్నారని నాకు కడుపుమంట. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

అమావాస్య

పెద్ద ఆటు. బురద చూపు ఆనినంత మేరా బయటపడింది. నిచ్చెన గీకుతూ కిందికి చూశాను. నా మంచె స్తంభం నీడలో అది ఉంది.

ఎర్రటి తల. ఎడమ రెక్కలో తెల్ల ఈక. పది అడుగుల దూరం కూడా లేదు, దుర్భిణి అక్కర్లేదు. బురద జల్లించి నాలుగు అడుగులు వేస్తుంది, ఆగుతుంది, తల ఎత్తి చుట్టూ చూస్తుంది. మళ్లీ నాలుగు అడుగులు.

నా మంచె కిందికి వచ్చింది. నేనే మొదట చూశాను. దీన్ని ఎవరూ కాదనలేరు. రేడియో అందుకున్నాను.

"యామిని గారూ, తూర్పు మంచె. చెంచామూతి ఉల్లంకి. బతికి ఉంది, నా స్తంభం దగ్గరే ఉంది. ఆ జంటలో రెండోది, ఎడమ రెక్కలో తెల్ల ఈక ఉన్నది. రెండో సాక్షిని పంపండి."

"తవిటినాయుడు గారూ, విన్నారా?" అందామె.

"ఇన్నాను," అన్నాడు బావ. అంతే.

ఎప్పుడూ దూరం నుంచే కేకలు వేస్తూ వచ్చే మనిషి చప్పుడు లేకుండా వచ్చాడు. పడవ కట్టి, నిచ్చెన ఎక్కి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. పిట్ట ఒకసారి ఒళ్లు దులుపుకుంది. బావ రేడియో అందుకుని, "రెండో సాక్షి తవిటినాయుడు. సూసినాను. పటాలు దింపండి," అన్నాడు.

రేడియో కింద పెట్టాక కూడా నా వైపు తిరగలేదు.

"తెల్ల ఈక సంగతి నాను ఎవలికీ సెప్పనేదు కూర్మా."

పిట్ట మీంచి చూపు తిప్పకుండానే బావ మళ్లీ అన్నాడు.

"ఆ రోజు నువ్వు సూసినావు."

"సూసినాను."

"సూసి, నేదన్నావు."

"అవును బావా."

"ఎందుకురా?" అన్నాడు. కోపంగా అడిగి ఉంటే చెప్పగలిగేవాణ్ణేమో. అతనికి నిజంగా అర్థం కావడం లేదు. పిట్టను చూసినవాడు చూడలేదని ఎందుకంటాడో ఎంత ఆలోచించినా అందడం లేదు.

"నీకే ఎందుకు దిగాల?" అన్నాను. "అన్నీ నీకే ఎందుకు దిగాల?"

బావ లేచి నిచ్చెన దిగాడు. పిట్ట బెదరకుండా చుట్టూ తిరిగి, మోకాలి లోతు బురదలో పడవ దాకా నడిచాడు.

పటాలు దిగడం మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి తాడు సడలి, పక్కకు వాలి, నీళ్ల మీదికి వచ్చాయి. తాళ్ల మోత ఆగిపోయింది. ఈ కొద్దిరోజుల్లోనే ఆ మోత ఆగితే ఎలా ఉంటుందో మరిచిపోయాను. ఎండ వాలే వేళకు ఉల్లంకుల గుంపొకటి లేచింది. చెంచామూతి వాటితో పాటు లేచి, గుంపు చివరన, ఖాళీ ఆకాశంలోకి పోయింది. దాని ముందు దాని జత లేదు.

ఆరింటి వార్తల్లో నా పేరు చదివారు. మొదటి సాక్షి, కూర్మారావు.

చైత్ర శుద్ధ తదియ

కంటికబురు హాలు ఇంతగా నిండటం ఎప్పుడూ చూడలేదు. గోడల వెంట, గడపల మీద, కిటికీల బయట మనుషులు. పిల్లలు నా కాళ్ల దగ్గర దాకా వచ్చి కూర్చున్నారు. పక్కన రెండో సాక్షి కుర్చీ ఖాళీగా ఉంది. అక్క ఒక్కతే వచ్చి ముందు వరసలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. తమ్ముడి కోసం.

"ఎలాగున్నాది మావా?" అని ఒక పిల్ల అడిగింది.

చెప్పబోయాను. ఎర్రటి తల అన్నాను. ముక్కు చెంచాలాగ ఉందన్నాను. అవి అందరికీ తెలిసినవే. "ఇంకా?" అంది పిల్ల.

ఇంకా ఏముంది? కళ్లు మూసుకుని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పొన్నంకి రోజు గుర్తొచ్చింది: నా భుజం ఊపేస్తున్న బావ ముఖం. డేగ రోజు: ఆకాశం వైపు చెయ్యి చాచిన బావ. ఏకాదశి రోజు: నీళ్లు నిండిన బావ కళ్లు. చెంచామూతి నా మంచె కిందికే వచ్చిన రోజున కూడా వార్తల్లో నా పేరు చదివితే బావ ముఖం ఎలా ఉంటుందా అనే ఆలోచిస్తూ గడిపాను. అన్ని పిట్టలు వచ్చి పోయాయి. నేను చూసింది ఒక మనిషి ముఖాన్ని.

హాలు ఎదురుచూస్తోంది.

"దాన్ని మొదట చూసింది నేను కాదు," అన్నాను. "మా బావ. ఏకాదశి నాడు. ఆయన పిలిస్తే వెళ్లి నేనూ చూశాను. రెండింటినీ చూశాను. చూసి, చూడలేదని చెప్పాను. నాకు ఓర్వలేనితనం. పటాలు ఆ రోజే దించి ఉంటే మొదటిది బతికేది."

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో "ఛీ" అన్నారు. యామిని వెనక నిలబడి ఉంది. ఆమె ముఖం తెల్లబోయింది. అడిగిన పిల్లను వాళ్లమ్మ దగ్గరికి లాక్కుంది.

మెల్లగా మెట్లు దిగాను. జనం పక్కకు తప్పుకున్నారు. అక్క నా వెనకే బయటికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను.

"మీ బావ నాకు సెప్పనేదు," అంది. "మూడు దినాలనుంచి అడుగుతున్నాను, ఏటయిందని. గాలి తగిలి జొరమన్నాడు. ఇంకో మాటన్నేదు." నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నిన్ను దాసినాడురా. నీకేటి తక్కువ సేసినాడని?"

అక్క కొత్త చీర కొంగుతో ముఖం తుడుచుకుని, నాతో రాకుండా, ఒక్కతే పడవల వైపు నడిచి వెళ్లింది.

శుద్ధ సప్తమి

కాపరి పని పోయింది. అబద్ధపు సాక్షికి మళ్లీ మంచె ఇవ్వరు. యామిని ఆ మాట చెప్పేటప్పుడు గట్టిగా మాట్లాడలేదు. నా తర్వాత వచ్చే మనిషికి నిచ్చెన మెట్లలో ఏవి వదులుగా ఉన్నాయో చూపించమని మాత్రం అడిగింది. చూపించాను. పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఆడమనిషి. తక్కువ మాట్లాడుతుంది. దుర్భిణి పట్టుకునే తీరు బాగుంది.

మంచుమిల్లులో పని అడిగాను. చూద్దామన్నారు.

నా పడవ కేంద్రానిది, అప్పగించేశాను. సామాను మూట కట్టుకుని, రేవుకు ఎలా పోవాలా అని స్తంభం దగ్గర నిలబడి ఉంటే బావ పడవ వచ్చింది. అక్క పంపిందో తనే వచ్చాడో తెలియదు. అడగలేదు. బావ మూట అందుకుని లోపల పెట్టాడు. నేను ఎక్కి ఎదురుగా కూర్చున్నాను. గెడ వేసి కాలవలోకి నెట్టాడు.

బావ చిక్కిపోయాడు. గడ్డం మాసి ఉంది. ఒకసారి నోటిదాకా వచ్చింది, క్షమించమని. చాలా చిన్న మాటనిపించి మింగేశాను.

కాలవ మలుపు దగ్గర బావ గెడ ఆపాడు. పడవ దానంతట అదే కాస్త దూరం సాగి నిలిచింది.

"అదిగో," అన్నాడు.

అమావాస్య తర్వాత నాతో అన్న మొదటి మాట. చెయ్యి ఎటు చాచాడో అటు చూశాను. విరిగిన దీపస్తంభం మీద ఒక నీటికాకి. ఈ కాలవలో వందల కొద్దీ ఉంటాయి. వాటి కోసం ఎవరూ మంచె కట్టరు, పటాలు దించరు. రెక్కలు రెండూ బార్లా చాచి ఆరబెట్టుకుంటోంది. నలుపే అనుకుంటాం గానీ ఎండ పడ్డచోట వీపు మీద ముదురాకుపచ్చ ఉంది. ప్రతి ఈక అంచునా సన్నటి నల్లగీత. కంటి రంగు నీళ్ల అడుగున పచ్చ గాజుపెంకులాగ ఉంది. గొంతు కింద చర్మం అదురుతోంది. ఒక కాలు ఎత్తి చెవి దగ్గర గోక్కుంది, తూలింది, సర్దుకుంది.

బావ గెడ మళ్లీ వేయలేదు. అతను పిట్టను చూస్తున్నాడో నన్ను చూస్తున్నాడో నాకు తెలియదు. నేను పిట్టనే చూస్తున్నాను.